కట్టెల హీటర్‌లో కంబస్టర్ మార్చాలా? ముందు చూసుకోవలసినవి, కొనేటప్పుడు కొలవవలసినవి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది ఒడిశా కోరాపుట్ కొండల్లో సెమిలిగుడ దగ్గర హోమ్‌స్టే. విశాఖలో ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ల దగ్గర అమెరికా కట్టెల హీటర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. రెండు చలికాలాలు బాగానే పనిచేసింది. ఈ ఏడు తలుపు తీస్తే పొగ గదిలోకి తన్నుకొస్తోంది, అద్దం నల్లబడుతోంది, రాత్రంతా గొట్టంలోంచి తెల్లటి పొగ పోతూనే ఉంది. లోపల తేనెపట్టులా ఉండే బిళ్ల, అంటే పొగను కాల్చే కంబస్టర్, మునుపు ఎర్రగా మెరిసేది, ఇప్పుడు మెరవడం లేదు. జయపురంలో వెల్డర్ ‘దాన్ని తీసి పారేయండి, లేదంటే పాత కారు సైలెన్సర్ దగ్గర ఉండేది కోసి పెడతాను’ అన్నాడు. కొత్తది తెప్పించాలా, తెప్పిస్తే సెరామిక్‌దా, స్టీల్‌దా అని మీరు అడిగారు.

ముందుగా చెప్పేది, ఇప్పుడే ఎవరికీ డబ్బు పంపకండి. మీరు చెప్పిన లక్షణాల్లో సగం కంబస్టర్‌వి కావు.

నాది గుణుపురం. వెర్మాంట్‌లో మా బావగారి లాడ్జిలో తొమ్మిది చలికాలాలు పనిచేశాను. ఆరు కాటేజీలు, ఆరు కట్టెల హీటర్లు, ఆరింటిలోనూ కంబస్టర్లే. కట్టెలు చీల్చడం దగ్గర నుంచి చిమ్నీ తోమడం దాకా అన్నీ నా చేతి మీదుగానే జరిగేవి. ఇప్పుడు సునాబేడలో ఉంటున్నాను. అక్కడ నేర్చుకున్నది ఇక్కడి కట్టెలకూ, ఇక్కడి తేమకూ ఎలా వర్తిస్తుందో నాకు తెలిసినంత రాస్తాను.

ఆ బిళ్ల చేసే పని తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. కట్టె కాలినప్పుడు వచ్చే పొగ కూడా ఇంధనమే. అందులో కాలని వాయువులు, తారు ఆవిర్లు ఉంటాయి. అవి మామూలుగా అంటుకోవాలంటే దాదాపు 600 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడి కావాలి. సన్నటి మంట మీద రాత్రంతా కాలే హీటర్‌లో అంత వేడి ఉండదు, కాబట్టి పొగ అలాగే గొట్టంలోకి పోయి, చల్లబడి, తారుగా పేరుకుంటుంది. కంబస్టర్‌లోని తేనెపట్టు గదుల గోడలకు అల్యూమినా పూత, దాని మీద ప్లాటినం, పల్లేడియం లాంటి ఖరీదైన లోహాల పలచని పొర ఉంటుంది. ఆ పొరకు తగిలితే అదే పొగ సుమారు 260 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది. మీ హీటర్ మీద వేడి చూపే మీటరు ఫారెన్‌హీట్‌లో ఉంటే అది 500 అన్నమాట. ఒకసారి అంటుకున్నాక ఆ వేడితోనే అది తన పని తాను నడుపుకుంటుంది. కట్టె తక్కువ పడుతుంది, గొట్టం శుభ్రంగా ఉంటుంది, పొరుగింటివాళ్ల కళ్లు మండవు.

ఇక మెరుపు సంగతి. చాలామంది మీలాగే మెరుపు చూసి లెక్కవేస్తారు, మొదటి ఏడాది నేనూ అలాగే చూశాను. బిళ్ల ఎర్రగా మెరవడం బాగా వేడెక్కిందనడానికి గుర్తు మాత్రమే. మెరవకుండానే 300, 400 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర చక్కగా పనిచేస్తుంది. కొత్తదానికి మెరుపు ఎక్కువ, రెండో ఏటికి తగ్గుతుంది. మెరవడం లేదని మాత్రమే దాన్ని మార్చకండి.

దాని బతుకు తెలియాలంటే ఒక సాయంత్రం ఇలా చేయండి. బాగా ఎండిన సన్న కట్టెలతో గట్టి మంట వేయండి. బైపాస్ తెరిచి ఉంచండి. బైపాస్ అంటే పొగను కంబస్టర్‌లోకి పోనివ్వకుండా నేరుగా గొట్టంలోకి వదిలే తలుపు. మీ హీటర్‌కు పక్కనో పైనో ఒక పిడి ఉంటుంది, అదే. మీటరు 500 ఫారెన్‌హీట్ దాటి ఒక పావుగంట నిలిచాక బైపాస్ మూయండి. ఒకరిని బయట నిలబెట్టి గొట్టం వైపు చూడమనండి. బిళ్ల బతికి ఉంటే మీటరు ముల్లు పైకి ఎక్కుతుంది, ఇరవై నిమిషాల్లో బయట పొగ దాదాపు కనిపించకుండా పోతుంది. చలిలో కొద్దిగా తెల్లటి ఆవిరి కనిపించి గొట్టం పైన రెండడుగుల్లో మాయమైతే అది నీటి ఆవిరే, దానికి కంగారు పడకండి. అలా కాకుండా ముల్లు కిందికి జారిపోయి, పొగ నీలంగానో బూడిద రంగులోనో చాలా దూరం సాగుతూ పోతుంటే బిళ్ల పని చేయడం లేదు. ఇదే పరీక్ష పచ్చి కట్టెలతో చేస్తే కొత్త బిళ్ల కూడా చచ్చినదానిలాగే కనిపిస్తుంది. అందుకే కట్టెల సంగతి ముందు తేలాలి.

మన దగ్గర అసలు ఇబ్బంది కట్టెలే. కంబస్టర్‌కు ఇచ్చే కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. కోరాపుట్ కొండల్లో జూన్ నుంచి అక్టోబరు దాకా గాలే తడిగా ఉంటుంది. మీరు నవంబరులో సంత దారిలో మోపులు కొని, డిసెంబరులో కాలుస్తున్నారనుకుంటాను. అవి పైకి ఎండినట్టు కనిపిస్తాయి, లోపల పచ్చే. ఆ కట్టె వేస్తే మంట తన వేడిలో పెద్ద భాగం నీళ్లు మరిగించడానికే ఖర్చు చేస్తుంది, కంబస్టర్ 260కి చేరదు. పైగా ఎర్రగా కాలుతున్న సెరామిక్ బిళ్ల మీదికి ఒక్కసారిగా ఆవిరి దూసుకుపోతే అది పగులుతుంది. వేడి పెంకు మీద నీళ్లు చల్లినట్టే.

తేమ కొలిచే చిన్న మీటరు ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది, తప్పకుండా కొనుక్కోండి. కట్టె పైభాగంలో గుచ్చకూడదు. కట్టెను అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా బయటపడ్డ లోపలి ముఖం మీద గుచ్చాలి. మీటరు వచ్చేలోగా రెండు చీలికలను ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. ఎండినవి టంగుమని మోగుతాయి, పచ్చివి దబ్బుమంటాయి.

ఏ చెట్టు కట్టె మంచిదని కూడా అడిగారు. కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ కొమ్మలు కొట్టినప్పుడు తోటవాళ్లను అడిగి కొనుక్కోండి, చీల్చి ఎండబెడితే బాగా కాలుతుంది. నీలగిరి మంచి వేడినిస్తుంది కానీ పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలి, ఎండాక గొడ్డలికి లొంగదు. చింత, తుమ్మ నిప్పు నిలుపుతాయి, రాత్రికి అవే మేలు. జీడి పిక్కల తొక్కలు మాత్రం పొరపాటున కూడా వేయకండి. పలాస వైపు నుంచి బస్తాలు చవకగా వస్తాయి, మంట బ్రహ్మాండంగా లేస్తుంది, కానీ ఆ నూనె పొగ కంబస్టర్‌నూ గొట్టాన్నీ పాడుచేస్తుంది. కట్టెలు జనవరిలో కొని, చీల్చి, వేసవి ఎండంతా తగిలేలా పేర్చి, జూన్‌కు ముందే పైన రేకు కప్పండి. పక్కలు తెరిచే ఉండాలి, గాలి ఆడాలి. టార్పాలిన్ చుట్టూ బిగించి కడితే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. అంటే ఈ చలికాలం కట్టె కిందటి చలికాలంలోనే కొనాలి. అంత ఓపిక ఉండదని తెలుసు, అయినా దీనికి వేరే దారి లేదు.

ఇప్పుడు గదిలోకి వచ్చే పొగ గురించి. మొదట మేడ ఎక్కి గొట్టం టోపీ చూడండి. పక్షులు దూరకుండా దానికి చుట్టూ జాలీ పెడతారు. ఆ జాలీకి మసి పట్టి మూసుకుపోతే పొగ వెనక్కి కొడుతుంది. వెర్మాంట్‌లో ఒకసారి గెస్టులు ఫిర్యాదు చేస్తే రెండు రోజులు హీటర్ విప్పి, బిగించి, మళ్లీ విప్పాను. చివరికి తప్పంతా అరచేయంత జాలీలో ఉంది. తర్వాత గొట్టం లోపల చూడండి. మసి 3 మిల్లీమీటర్ల మందం దాటితే తోమించాలి. నల్లగా, గాజులా మెరుస్తూ గట్టిపడి ఉంటే అది తారు. అది అంటుకుంటే చిమ్నీ మంట వస్తుంది, మీ పైకప్పుకే ప్రమాదం. అలాంటిది కనిపిస్తే శుభ్రం చేయించేదాకా ఆ హీటర్ వెలిగించకండి.

ఆ తర్వాత తలుపు చుట్టూ ఉండే తాడు. ఒక కాగితం ముక్క తలుపు సందులో పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే తాడు అరిగిపోయింది. నాలుగు వైపులా ఇలా చూడండి. తాడు వదులైతే అక్కరలేని గాలి లోపలికి దూరుతుంది, మంట మీ అదుపులో ఉండదు. ఇక్కడి హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే ఆస్బెస్టాస్ తాడు చేతిలో పెట్టవచ్చు. దాన్ని వద్దనండి, ఆ నూలు ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదికి తెస్తుంది. గ్లాస్ ఫైబర్ తాడో సెరామిక్ ఫైబర్ తాడో అడగండి.

ఇవన్నీ సరిగా ఉన్నాయనుకుందాం. అప్పుడు బిళ్లను బయటికి తీయాలి. హీటర్ పూర్తిగా చల్లారాక, అంటే కనీసం ఒక రోజు ఆగాక తీయండి. ముక్కుకు మాస్కు, చేతికి గ్లవ్స్ వేసుకోండి. పాత బూడిదా, గ్యాస్కెట్ (బిళ్ల చుట్టూ సందు మూసే పట్టీ) నూలూ ఎగురుతాయి. పట్టకారుతో గుంజకండి, చుట్టూ నెమ్మదిగా వదులు చేసి తీయండి.

బిళ్ల ముఖం మీద బూడిద రంగు దుమ్ము పేరుకుంటే అది పైన కప్పిన బూడిద మాత్రమే, కింద లోహం బాగానే ఉండవచ్చు. మెత్తటి పెయింట్ బ్రష్‌తో తుడవండి, వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం దగ్గరగా పెట్టి పీల్చండి. వైరు బ్రష్, గాలి కంప్రెసర్ వాడవద్దు, పూత రాలిపోతుంది. నల్లటి మసి పట్టి ఉంటే అది మంట చల్లగా నడిచినందుకు వచ్చింది, ఎండు కట్టెతో ఒక గంట వేడిగా కాలిస్తే చాలావరకు అదే పోతుంది. సెరామిక్ బిళ్లకు ఇంకో వైద్యం ఉంది. తెల్ల వెనిగర్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో కలిపి, అందులో బిళ్ల ఉంచి సన్న మంట మీద అరగంట మరిగించాలి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో పావుగంట చొప్పున రెండుసార్లు మరిగించి తీయాలి. పంపు నీళ్లు వద్దు, వాటిలోని ఉప్పులు పూత మీద కూర్చుంటాయి. తీశాక పూర్తిగా ఆరాలి. లోపల తడి మిగిలిన బిళ్లను వేడి హీటర్‌లో పెడితే పగిలిపోతుంది. నేను అయితే ఒక రోజు ఎండలో ఉంచి, తర్వాత ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర ఒక గంట పెట్టేవాణ్ని. వంటకు వాడే గిన్నె మాత్రం దీనికి వాడకండి.

అయితే విషం ఎక్కిన బిళ్లను వెనిగర్ బతికించలేదు. సీసం, గంధకం, భాస్వరం, జింకు లాంటివి ఆ లోహపు పొరకు విషం. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ కవర్లు, మెరిసే కాగితం, బొగ్గు, చిమ్నీ శుభ్రం చేస్తుందని అమ్మే పొడులు, వీటిలో అలాంటివి ఉండవచ్చు. ఒక క్రిస్మస్‌కు మా కాటేజీలో దిగిన కుటుంబం గిఫ్టుల మీది మెరిసే కాగితాలన్నీ హీటర్‌లో కాల్చారు. మూడు నెలల క్రితం పెట్టిన కొత్త బిళ్ల అప్పటి నుంచి పొగను పట్టించుకోవడం మానేసింది. అన్ని రకాలుగా కడిగాను, లాభం లేకపోయింది. మీ హోమ్‌స్టేలో కూడా గెస్టులే మంట వేసుకుంటున్నారేమో చూడండి. బిస్కట్ ప్యాకెట్లు, సిగరెట్ పెట్టెలు, ప్లాస్టిక్ కప్పులు లోపలికి పోతుంటాయి. నన్నడిగితే హీటర్ తలుపు మీ మనిషే తెరవాలి, గెస్టుల చేతికి ఇవ్వకూడదు. తెలుగులో, ఒడియాలో, ఇంగ్లిష్‌లో ‘కట్టె తప్ప ఇందులో ఏదీ వేయవద్దు’ అని ఒక బోర్డు రాయించి పెట్టండి.

చూపుకు కనిపించే చావు కూడా ఉంటుంది. వెంట్రుకవాసి పగుళ్లు రెండు మూడు ఉన్నా పరవాలేదు, బిళ్ల ఆకారం నిలిచి ఉంటే పనిచేస్తుంది. ముక్కలు ఊడి పడుతుంటే, నడుమ గొయ్యి పడితే, గదులు వంకర తిరిగి మూసుకుపోతే, పొర పొట్టులా రాలుతుంటే మార్చవలసిందే. మామూలుగా శ్రద్ధగా వాడితే ఒక బిళ్ల సుమారు 10,000 నుంచి 12,000 గంటలు వస్తుంది. చలి దేశంలో ఏటా అయిదు నెలలు, రోజుకు పన్నెండు గంటలు కాలిస్తే అయిదారేళ్లు. మీరు డిసెంబరు, జనవరి రాత్రుళ్లు మాత్రమే వెలిగిస్తారు కాబట్టి గంటల లెక్కన రెండు చలికాలాలు చాలా తక్కువ. మీకంటే ముందు ఆ ఇంటివాళ్లు ఎన్నేళ్లు వాడారో మాత్రం కనుక్కోండి.

వెల్డర్ చెప్పిన కారు బిళ్ల సంగతి. అతను చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, లోహాలూ దగ్గర చుట్టాలే. కానీ కారు బిళ్లలో చదరపు అంగుళానికి 400 గదులు, కొన్నిటిలో ఇంకా ఎక్కువే ఉంటాయి. కట్టెల హీటర్ సెరామిక్ బిళ్లల్లో 16, 25 లాంటి సంఖ్యలు. కారు బిళ్ల వెనుక ఇంజిన్ తోసే ఒత్తిడి ఉంటుంది. హీటర్‌కు ఉన్నది వేడి గాలి పైకి లేచే బలం ఒక్కటే. ఆ సన్న గదుల గుండా పొగ ఎక్కలేదు, బూడిదతో ఒక్క రాత్రిలోనే మూసుకుపోతుంది, ఆ పొగంతా గదిలోకే వస్తుంది. గెస్టులు పడుకున్న గదిలో అది ప్రాణాపాయం.

ఆ మాట వచ్చింది కాబట్టి ఇది ఇక్కడే చెప్పాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కుంపటి గదిలో పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారి లేవలేదన్న వార్త ప్రతి చలికాలం వింటూనే ఉంటాం. పొగ వెనక్కి కొడుతున్న హీటర్‌కూ అదే గుణం. హీటర్ ఉన్న ప్రతి గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి, బ్యాటరీ నెలకోసారి చూడండి. కిటికీ పైభాగంలో జానెడు సందు ఎప్పుడూ తెరిచి ఉండాలి. ఇప్పుడున్న స్థితిలో ఆ హీటర్‌ను బాగుచేసేదాకా గెస్టుల గదిలో వెలిగించవద్దు. బుకింగులు పోతాయని టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. దళసరి రజాయిలు, వేడినీళ్ల సంచులు ఇవ్వండి, ఈ వారం అలా గడపండి.

బిళ్ల తీసేసి ఖాళీగా నడపడం కూడా నేను ఒప్పుకోను. హీటర్ లోపలి దారులన్నీ బిళ్ల ఉంటుందనే లెక్కతో చేసినవి. లేకపోతే పొగ కాలకుండానే పైకి పోతుంది, గొట్టంలో తారు త్వరగా పేరుకుంటుంది.

కొనాల్సి వస్తే మొదట హీటర్ వెనక ఉన్న లోహపు ప్లేటు చూడండి. మోడల్ పేరు, నంబరు, తయారైన నెల దాని మీద ఉంటాయి. అమెరికాలో కట్టెల హీటర్ల పొగకు ప్రభుత్వ పరిమితి మొదటిసారి 1988లో వచ్చింది, 2015లో కొత్త నియమాలు వచ్చాయి, 2020 మే నుంచి గంటకు 2 గ్రాముల పరిమితి అమలులోకి వచ్చింది. మీది ఏ కాలానిదో తేదీ చూస్తే తెలుస్తుంది. అదే మోడల్‌కు కాలాన్ని బట్టి వేర్వేరు బిళ్లలు ఉండవచ్చు, అందుకే పేరు ఒక్కటే చాలదు. ప్లేటు చెరిగిపోతే పాత బిళ్లనే కొలవండి. గుండ్రంగా ఉంటే అడ్డం, పలకగా ఉంటే పొడవు వెడల్పులు, ఆ తర్వాత మందం, చుట్టూ లోహపు పట్టీ ఉందా లేదా, ఒక అంగుళం పొడవులో ఎన్ని గదులు ఉన్నాయి. గ్యాస్కెట్ తీసేసి కొలవాలి, మిల్లీమీటర్లలో కొలవాలి. నేను ఒకసారి కంటి అంచనాతో తెప్పించాను, పావు అంగుళం చిన్నదొచ్చింది. పక్క సందులోంచి పొగ తప్పించుకుపోయేది. గ్లాస్ ఫైబర్ నూలు దట్టంగా కూరి చూశాను, అది వారంలో కరిగి జారిపోయింది. మళ్లీ కొన్నాను.

సెరామిక్, స్టీల్ మధ్య మీ విషయంలో నేను స్టీల్ వైపే మొగ్గుతాను. స్టీల్ రేకు పలచగా ఉంటుంది కాబట్టి త్వరగా వేడెక్కి త్వరగా పని మొదలుపెడుతుంది. ఆవిరికీ, వేడి చలుల మార్పుకీ పగలదు. మీరు సాయంత్రం వెలిగించి పొద్దున్న ఆర్పేస్తారు, రోజూ ఈ మార్పు ఉంటుంది. సెరామిక్ కొంచెం చవక, వేడిని కాస్త ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, రోజంతా ఒకే తీరుగా కాల్చేవాళ్లకు అది చాలు. ఏదైనా మీ మోడల్‌కు తయారీదారు ఒప్పుకున్నదై ఉండాలి. ఉత్త బిళ్ల కాకుండా దాని గ్యాస్కెట్ కూడా కలిపి ఆర్డర్ పెట్టండి. ఆ గ్యాస్కెట్ మొదటిసారి వేడెక్కినప్పుడు ఉబ్బి చుట్టూ సందులు మూస్తుంది, ఒకసారి ఉబ్బినదాన్ని మళ్లీ వాడలేము. అమెరికాలో చుట్టాలు ఉంటే వాళ్ల చేత కొనిపించి, వచ్చేవాళ్ల చేతి సామానులో తెప్పించుకోవడం మేలు. సెరామిక్ బిళ్ల పార్సిల్‌లో దెబ్బ తగిలితే అక్కడే విరుగుతుంది.

బిగించాక మొదటి మంట నెమ్మదిగా వేయండి, ఒక గంటలో వేడి పెంచండి. మీటరు 1600 ఫారెన్‌హీట్ వైపు పోనివ్వకండి. మంట నాలుకలు నేరుగా బిళ్లను తాకకూడదు, తాకితే పూత మాడిపోతుంది. కట్టె వేయడానికి తలుపు తీసే ముందు ప్రతిసారీ బైపాస్ తెరవాలి, ఒక నిమిషం ఆగి తలుపు వేలెడు తెరిచి, తర్వాత పూర్తిగా తీయాలి. గదిలోకి పొగ రావడంలో సగం ఈ ఒక్క అలవాటు లేకనే. మీ దగ్గర హీటర్ చూసుకునే అబ్బాయికి ఇది దగ్గరుండి రెండు రాత్రులు చేయించి చూపండి, నోటితో చెబితే మరిచిపోతాడు.

ముందు టోపీ జాలీ, తలుపు తాడు, కట్టెల తేమ చూసి ఎండు కట్టెతో ఆ సాయంత్రం పరీక్ష చేయండి. ముల్లు ఎంత ఎక్కిందో, పొగ ఏ రంగులో ఉందో, వెనక ప్లేటు ఫోటో, బిళ్ల కొలతలు ఇక్కడ రాయండి. చూసి, కొత్తది కావాలో లేదో చెప్తాను. కావాలంటే ఏ కొలతది సరిపోతుందో కూడా రాస్తాను.